పక్కనున్నవాళ్లు పలకకూడదు

“అంత దగ్గరగా మొహం పెట్టి చూస్తే కళ్లు పోతాయి,” అంది పెద్దకోడలు, చేతిలో టీ ట్రేతో కొడుకు గది గుమ్మం బయట నిలబడి, ఎవరికీ వినబడనంత మెల్లగా. “పోతే పోతాయి. చెబితే వినేదెవరు.”

వినేవాళ్లు లేరన్న మాట నిజమే. ఆ ఇంట్లో ఆవిడ భయాలు గోడగడియారం టిక్కుటిక్కు లాంటివి. ఎప్పుడూ మోగుతూనే ఉంటాయి కనుక ఎవరి చెవికీ ఆనవు. తడి చేత్తో స్విచ్చి వేస్తే భయం, గ్యాస్ కట్టెయ్యలేదేమోనని భయం. మొగుడు లారీ మీద ఊళ్లు తిరిగే మనిషి కనుక ఆవిడ భయాల్లో సగం రోడ్డు మీదే ఉంటాయి. ఆయన ఫోను ఎత్తకపోతే ఆసుపత్రి గుర్తొస్తుంది. ఎత్తితే, గొంతు తేడాగా ఉందే, జ్వరమా అంటుంది.

కిందటివారం మనం ఈవిడను కొడుకు గదిలో, కొడుకు కుర్చీలో, ముట్టుకోవద్దన్న కంప్యూటర్ ముందు ఒంటరిగా వదిలేసి వచ్చాం. అక్కడిదాకా ఎలా వెళ్లిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు.

ఆ ఇంటి కింది వాటాలో పెద్దకోడలు, పై వాటాలో ఆవిడ తోడికోడలు. అత్తగారు పోయి ఏళ్లు గడిచినా వీధివాళ్ల నోట వీళ్లిద్దరూ పెద్దకోడలు, చిన్నకోడలుగానే మిగిలిపోయారు. పెద్దకోడలికి ఒక్కడే కొడుకు. చిన్నకోడలికి పిల్లల్లేరు. కుట్టుమిషన్ ఉంది. చొక్కాలు, గౌన్లు, కిటికీ తెరలు, వీధిలో ఏది చిరిగినా ఆ మెట్లెక్కాల్సిందే. కొడుకు కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాడి గది నిండా విప్పిన డబ్బాలు, సీసా మూతల్లో దాచిన స్క్రూలు, వాటి మధ్య ఒక మంచి కంప్యూటర్. దాని మీద వాడు చేసేది వేరే పని. ఒకళ్ల మొహం ఒకళ్లు చూడని మనుషులు ఎక్కడెక్కడినుంచో కలిసి, ఎవరైనా ఊరికే వాడుకోమని తయారుచేస్తున్న డెస్క్‌టాప్ అట. అంటే కంప్యూటర్ తెర మీద కనబడి పని చేయించే ఏర్పాటంతా అదేనట. లినక్స్ అనేది దాని ఇంటిపేరట. కొత్తగా తయారైన దాన్ని బీటా అంటారట. అసలు విడుదలకు ముందే బయటికి వదిలి, వాడి చూసి ఎక్కడ చెడిందో చెప్పమని అడుగుతారట.

కొడుకు చెప్పింది అది. పెద్దకోడలికి అర్థమైంది వేరు. పొయ్యి మీంచి దించకముందే ఒక గరిటె చల్లార్చి, ఉప్పు చూడమని అరచేతిలో వేస్తారే, ఇదీ అలాంటిదే. మరి ఇంట్లో ఉప్పు చూసేది ఎప్పుడూ ఎవరు? అమ్మ. వీడేమో ఆ గరిటెను అమ్మ ముక్కు ముందునుంచే దాటించి పై వాటాకు పట్టుకెళ్లాడు.

రోజూ మధ్యాహ్నం చిన్నకోడలు దిగి వస్తుంది. వాడే ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. తలుపు దగ్గరికి వేసుకుంటారు. లోపల్నుంచి నవ్వులు. ఆవిడ కోసం తెర మీద అక్షరాలు అరచేయంత చేశాడు. మెషీన్‌కి తెలుగులో గొంతు పెట్టి, ఏది ఎక్కడుందో చదివి వినిపించేలా చేశాడు. కన్నతల్లి ఫోనులో అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యరా అని ఎన్నాళ్లుగా అడుగుతోందో ఆ ఫోనుకే తెలుసు. దానికి మాత్రం వాడికి తీరిక లేదు.

ఇక చిన్నకోడలి వైఖరి చూడాలి. సూదిలో దారం ఎక్కించమని పక్కింటి పిల్లను కేకేస్తోంది. మెట్లు దిగేటప్పుడు గోడ మీద చెయ్యి ఆనించి, మహారాణిలా ఒక్కొక్క మెట్టే దిగుతోంది. ఎదురుపడితే తనంత తాను పలకరించదు. మనం పలకరిస్తే, అప్పుడు నవ్వుతుంది. కంప్యూటర్ ముందు నాలుగు రోజులు కూర్చుంటేనే కళ్లు ఇలా నెత్తికెక్కుతాయా అని పెద్దకోడలు లోలోపల కుమిలిపోయింది. ఆ కుమిలిపోవడమే నిన్న వాళ్లిద్దరూ ఎక్కడికో బయటికెళ్లిన వేళ చూసి ఆవిడను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ గదిలో జరిగే పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మెషీన్ ముందు కూర్చున్న మనిషి తన మనసులో ఏమనుకుంటోందో అదంతా పైకి అంటూ పని చెయ్యాలి. ఇప్పుడు ఇది వెతుకుతున్నా, కనబడలేదు, దీన్ని నొక్కితే ఏమవుతుందో, ఇలా. పక్కన కూర్చున్న మనిషి మాత్రం నోరు విప్పకూడదు. అడిగినా చెప్పకూడదు. చెబితే ఆ తప్పు మెషీన్‌దో మనిషిదో తేలదు. తెర మీద జరిగేదీ, నోటివెంట వచ్చేదీ రెండూ వాటంతటవే రికార్డయిపోతాయి. తోటివాళ్లు అవి విని, మనిషి ఎక్కడ తడబడుతోందో అక్కడ సరిచేస్తారు.

తలుపు అవతల నిలబడి వినే మనిషికి ఇందులో సగమే చేరింది. చిన్నకోడలు ఏదో చెప్పడం వినబడేది, మెషీన్ బదులు పలకడం వినబడేది. అందుచేత పెద్దకోడలు తేల్చుకున్నదేమిటంటే, ఈ కొత్త మెషీన్ మాటల మీద నడుస్తుంది. మనసులో ఉన్నది ఉన్నట్టు చెబితేనే కదులుతుంది. దాచుకుంటే మొరాయిస్తుంది.

కూర్చున్నాక ముందు నోరు పెగల్లేదు. చివరికి, “నేను వీడి అమ్మని,” అని మొదలుపెట్టింది. మౌస్ మీద చెయ్యి పడి బాణం కదిలింది. ‘ఫైళ్లు,’ అంది మెషీన్ ఆడగొంతుతో. పెద్దకోడలికి ఒళ్లు ఝల్లుమంది. తన అనుమానం నిజమే. మాట్లాడితే పలుకుతోంది. ఇంకాస్త కదిపింది. ‘చెత్తబుట్ట. ఖాళీగా ఉంది,’ అంది మెషీన్.

“అదృష్టవంతురాలివి,” అంది పెద్దకోడలు. “నాది నిండిపోయింది.”

ఆ తర్వాత కట్ట తెగింది. అడిగేవాళ్లు లేరు, అడ్డం వచ్చేవాళ్లు లేరు. ఏ మాట అన్నా తప్పుపట్టకుండా ‘ఫైళ్లు’ అనో ‘గడియారం’ అనో మర్యాదగా బదులు పలికే తోడు దొరికింది. మనసులో ఎక్కడెక్కడ ఏం పేరుకుందో అంతా తోడి పోసింది. మాట మాటకీ ఆ చెత్తబుట్ట బొమ్మ మీద టకటకా నొక్కుతూ చెప్పింది. మధ్యలో ఆ గొంతు ఎవరో నొక్కేసినట్టు ఠక్కున ఆగింది. తెర మధ్య ఒక పలక లేచింది. ‘ఏదో పొరపాటు జరిగింది’ అని అరచేయంత అక్షరాలు.

పెద్దకోడలు కుర్చీ తోసుకుని వంటింట్లోకి వచ్చిపడింది. అప్పటినుంచి ముద్ద దిగలేదు. కరెంటు ఎక్కడో లోపల రాజుకుంటోందేమోనని గోడలు తడిమి చూసింది. పొద్దున్న కొడుకు గదిలోకి వెళ్లి, ఇది మళ్లీ ఆగిపోయిందేమిటి అని గొణుక్కుని, ఆపి మళ్లీ వేశాడు. అంతకుమించి అడగలేదు. గండం గడిచిందనుకుంది.

అదిగో, ఈ మధ్యాహ్నం టీ ట్రేతో గుమ్మం బయట నిలబడింది అందుకే. లోపలికి వెళ్లాలంటే జంకు, వెళ్లకపోతే లోపల ఏం మాట్లాడుకుంటున్నారోనని మంట.

లోపల కొడుకు ఇవాల్టి పని చెబుతున్నాడు. అన్నిటికంటే చివర రికార్డయిన ఫైలు ఎక్కడుందో పిన్ని తనంత తాను వెతికి, తెరిచి, వినిపించాలి. తను మాట్లాడడు. చిన్నకోడలు ముక్కు తెరకు తగిలేంత ముందుకు వంగింది. పైకి అంటూ వెతుకుతోంది. ఇది కాదు, ఇదీ కాదు, పైకి పోవాలి, ఆగు ఆగు. మెషీన్ ఒక్కొక్క పేరే చదువుతోంది. ‘నిన్నటిది,’ అంది చివరికి. చిన్నకోడలు గెలిచినట్టు బల్ల మీద చరిచి, మీట నొక్కింది.

“నేను వీడి అమ్మని,” అంది మెషీన్.

ట్రేలో కప్పులు ఒకదాన్నొకటి తాకాయి. మొదటి క్షణం పెద్దకోడలు అనుకున్నది, మెషీన్ తన గొంతు దొంగిలించిందని. రెండో క్షణంలో అర్థమైంది.

తలుపు సందులోంచి కనబడుతోంది. కొడుకు ఆపెయ్యబోయాడు. చిన్నకోడలు గాల్లో ఒకసారి వెతికి, వాడి మణికట్టు దొరకబుచ్చుకుంది.

“ఉండనీ,” అంది. “పరీక్ష నడుస్తుండగా పక్కనున్నవాళ్లు పలకకూడదన్నది నువ్వే కదా.”

పెద్దకోడలి గొంతు, నిన్నటి గొంతు, తీరుబడిగా చెప్పుకుపోతోంది. “ఆవిడకు పిల్లల్లేరు, పోనీలే అని చిన్నప్పుడు నేనే వీణ్ణి పైకి పంపేదాన్ని. ఆడుకుని రారా అని. ఆడుకుని రమ్మన్నాను గాని అక్కడే ఉండిపొమ్మన్నానా.” మెషీన్, ‘చెత్తబుట్ట,’ అంది. “రోజూ వచ్చి ఆ తెరలో మొహం దూర్చి కూర్చుంటుంది. ఆ కళ్లు పోతే అప్పుడు తెలుస్తుంది ఆవిడకి.” ‘చెత్తబుట్ట.’ “ఒక్కరోజు నన్ను కూర్చోబెడితే వీడి సొమ్మేం పోయింది. తప్పులు చేసేవాళ్లే కావాలట కదా వీళ్లకి. ఈ ఇంట్లో నాకంటే బాగా తప్పులు ఎవరు చేస్తారు.” ‘చెత్తబు’ అని గొంతు తెగిపోయింది. కుర్చీ గీరుకున్న చప్పుడు, పరుగు. తర్వాత ఏమీ లేదు.



తప్పు బయటపడ్డ మనిషి రెండు రకాలుగా ఉంటుంది. తలదించుకుంటుంది, లేదా ఎదురు తిరుగుతుంది. పెద్దకోడలు తలుపు తోసుకుని లోపలికొచ్చి, ట్రేను స్క్రూల మూతల మధ్య ఠపీమని పెట్టింది. విన్నారు కదా, మంచిదే అయింది అంది. ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే చూపించమంది. దొంగలా తలుపు చాటున వినే గతి కన్నతల్లికి పట్టించింది ఎవరని నిలదీసింది. కొడుకు నేల చూపులు చూశాడు.

“నేనెందుకు పనికిరాలేదురా?” అంది. “అది చెప్పు చాలు. ఇంకేమీ అడగను.”

వాడు తలెత్తి పిన్ని వైపు చూశాడు. ఆ చూపే పెద్దకోడలిని నిలువునా కాల్చింది. నా కడుపున పుట్టినవాడు నాకు జవాబు చెప్పాలంటే ఈవిడ అనుమతి కావాలా అంది. ఆ విసురులోనే ఒక కప్పు తీసి తోడికోడలి ముందుకు చాపింది. కోపంలోనూ ఇచ్చేది ఇవ్వడం మానని చెయ్యి అది.

చిన్నకోడలు అందుకోవడానికి చెయ్యి చాపింది. చెయ్యి కప్పు పక్కనుంచి వెళ్లి గాలిని పట్టుకుంది.

తోడికోడలు తన చేతి టీ తాగనంటోందని మొదట అనిపించింది పెద్దకోడలికి. మొహం జేవురించింది. కాని ఆ చెయ్యి వెనక్కి పోలేదు. కాస్త కిందికి వెతికింది, కాస్త పక్కకు వెతికింది. వేళ్ల చివర్లు కప్పు అంచుకు తగిలాక మెల్లగా దాని చుట్టూ మూసుకున్నాయి. ఇంతా జరుగుతుంటే చిన్నకోడలి కళ్లు ఆవిడ మొహం మీద లేవు. ఆవిడ చెవి పక్కన ఎక్కడో గోడ మీద ఉన్నాయి.

సూదిలో దారం. గోడ మీద చెయ్యి. మనం పలకరిస్తే గాని నవ్వని మొహం. వాడు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావడం. అన్నీ వచ్చి ఒక్క వరసలో నిలబడ్డాయి. పెద్దకోడలు అక్కడే నేల మీద చతికిలబడింది.

“నా నోటి మాట తగిలిందా?” అంది.

“నీ నోటికి అంత బలముంటే మీ ఆయన లారీకి ఈపాటికి చక్రాలుండేవి కాదు అక్కా,” అంది చిన్నకోడలు. టీ ఒక గుక్క తాగింది. “నువ్వు అనకముందునుంచే పోతున్నాయి.”

మిగతాది మెల్లగా, బట్ట కొలత చెప్పినట్టు చెప్పింది. మొదట పక్క చూపు మసకబారిందట. ఇప్పుడు ఎదురుగా గొట్టంలోంచి చూసినంతే మిగిలిందట. నిన్న ఇద్దరూ వెళ్లింది కళ్ల డాక్టరు దగ్గరికే. పోయింది తిరిగి రాదట, ఉన్నది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేరట. వీడికి తెలిసింది కూడా తను చెప్పగా కాదు. ఒకరోజు చొక్కాకి గుండీలు లోపలివైపు కుట్టి ఇస్తే వాడే పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

అప్పుడు కొడుకు నోరు విప్పాడు. తెలుగులో చదివి వినిపించే గొంతు ఈ డెస్క్‌టాప్‌లో పెట్టడం ఇదే మొదలట. అది ఉన్నట్టుండి ఆగిపోతోందట. బీటా ముగిసేలోగా ఎందుకు ఆగుతోందో పట్టుకోకపోతే, ఈసారి విడుదలలోంచి దాన్ని తీసేస్తామన్నారట. పిన్నికి చూపు ఉండగానే చేతులకు మీటల దారులు అలవాటు కావాలి, పూర్తిగా పోయాక మొదలుపెడితే కష్టం అన్నాడు.

“నువ్వు పనికిరాక కాదమ్మా. నువ్వు చూసి నొక్కుతావు. మాకు కావలసింది వినే మనిషి. కాని ఆ గొంతు ఎక్కడ తెగుతోందో మాకెవరికీ దొరకలేదు. నిన్న నువ్వు చెత్తబుట్టను అదేపనిగా బాదావు చూడు, అక్కడ దొరికింది,” అన్నాడు.

వేరే రోజైతే ఆ మాట ఆవిడ వీధంతా చెప్పుకునేది. ఇవాళ అది చెవి దాకా కూడా రాలేదు. తోడికోడలినే చూస్తోంది.

“వాడికి ఒట్టు వేయించావు. నాకెందుకు చెప్పలేదు? ఒకే ఇంట్లో ఉన్నాం.”

చిన్నకోడలు కప్పును ఒళ్లో పెట్టుకుంది. “నీకు చెబితే ఆ క్షణంనుంచి నన్ను మెట్లెక్కనివ్వవు. పొయ్యి ముట్టించనివ్వవు. కత్తెర దాచేస్తావు. మా ఆయనైతే తెలిసిన మర్నాడే మిషన్ని తీసి అటకెక్కిస్తాడు. మంచికేలే. నన్ను కూర్చోబెట్టి అన్నీ అందిస్తారు మీరిద్దరూ. నా భయం నేను మోసుకోగలను అక్కా. నీ భయం కూడా మోసే ఓపిక నాకు లేదు.”

ఎన్నో మాటలు పడ్డ మనిషే పెద్దకోడలు. పిరికిదన్నారు, చాదస్తమన్నారు, నస అన్నారు. అన్నీ దులిపేసుకుంది. ఈ మాట దులుపుకుంటే పోయేది కాదు. కొడుకు తనను దాటి పైకి వెళ్లింది ప్రేమ అక్కడెక్కువై కాదు. ఇక్కడ చెప్పుకోవడానికి చోటు లేక. ఇన్నాళ్లూ తను అసూయపడ్డ నవ్వులు, తన భయం వినబడనిచోట నవ్వుకున్న నవ్వులు.

ఏదో అనబోయింది. వీధి తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

మరిది. కరెంటు మీటర్ల రీడింగు తీసే మనిషి, ఈ వేళకు ఇంటికి రానే రాడు. నేరుగా పైకి వెళ్లిన అడుగులు సగంలో ఆగి, మళ్లీ కిందికి దిగాయి. గది గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పెద్ద కత్తెర, బట్టలు కత్తిరించేది.

మెట్ల మధ్యలో నోరు తెరుచుకుని పడి ఉందన్నాడు. ఇంకాస్త ఉంటే పాదంలో దిగేదన్నాడు. పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ మొహం చప్పుడు వచ్చిన వైపు తిరిగింది, కాస్త ఎక్కువే తిరిగింది. మొన్న పాలగిన్నె, నిన్న తాళంచెవి, ఇవాళ కత్తెర, ఏమిటిది అన్నాడు. అప్పుడు వదిన వైపు తిరిగాడు.

“వదినా, ఈ ఇంట్లో సూది కింద పడ్డా నీకు ముందు తెలుస్తుంది. దీనికి ఏమైంది? నువ్వు చెప్పు.”

కొడుకు పెదవి కదిలింది, ఆగిపోయింది. చిన్నకోడలి వేళ్లు కప్పు చుట్టూ బిగిశాయి. తెర మూలన రికార్డవుతోందని చెప్పే ఎర్రచుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

పెద్దకోడలు ఆ కత్తెరను చూసింది. దాని రెండు మొనల మధ్య ఆ మెట్లు కనబడ్డాయి. ఆ మెట్ల మీదనుంచి దొర్లుతున్న మనిషి కనబడింది. గ్యాస్ మంట, కుట్టుమిషన్ సూది కింద వేలు, వీధి మలుపులో హారన్ కొట్టని బండి. జీవితమంతా లేనిచోట ఊహించుకున్న ప్రమాదాలన్నీ ఇప్పుడు నిజంగానే వచ్చి, పేరు పెట్టి పిలవమని ఎదురుగా నిలబడ్డాయి. కేక గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, రేపటినుంచి ఆ మనిషి ఏ మెట్టూ ఎక్కదు, ఏ సూదీ పట్టదు. క్షేమంగా ఉంటుంది. కొడుకు కూడా ఇక పై వాటాకు పోడు.

ఫ్యాను తిరిగింది. మరిది ఎదురుచూశాడు. టీ మీద మీగడ కట్టింది. ఆ ఇంట్లో అంతసేపు ఆవిడ నోరు మూసుకుని ఉండటం ఎవరూ ఎరగరు.

“ఆ కత్తెర నేనే పెట్టి మరిచిపోయానబ్బాయ్,” అంది పెద్దకోడలు, లేచి దాన్ని అతని చేతిలోంచి అందుకుంటూ. “మీ ఆవిడ నాకు కంప్యూటర్ నేర్పుతోంది. రేపటినుంచి మధ్యాహ్నాలు తను నాకు కావాలి.”